దొర షేర్వానీ మీది బుడిపెలు

నా కొడుకు లూకాను రజాకార్లు కాల్చి సంపిన్రని ఊరంత చెప్పిన దొర, మిలిటరీ వచ్చినంక ఊరిడిసి చిలకలగూడల ఉంటున్న మా ఇంటికొచ్చిండు.

“మేజరుకు దావత్ ఇస్తున్న. హైదరాబాదుల ఎవ్వరు తొడగని షేర్వానీ నాకు కుట్టాలె, కాంతమణీ.”

పట్టుగుడ్డల గింజలసొంటివి పెట్టి, ఒక్కొక్కటి దారంతోని బిగించి కట్టి ఆవిరి పట్టిన. ఆరినంక విప్పితే, రొమ్ముకాడ బుడిపెలు బుడిపెలుగ లేచి నిలబడ్డయి.

దావత్‌కు నన్ను సుత పిలిపిచ్చిండు. మేజరు ఆ బుడిపెలను తడిమి చూసి ఇంగ్లీషుల ఏందో అడిగిండు.

“మస్తుగున్నదట. లోపల ఏం కట్టినవని అడుగుతున్నడు. శనగలేనా?” దొర మురిసిపోయిండు.

కొంగుముడి విప్పి మేజరు చేతిల పోసిన.

“దవాఖానల నా లూకా రొమ్ములకెల్లి తీసిన సీసపు గుండ్లు, ఛర్రాలు. మీ వేటతుపాకివే. ఇగ సార్‌కు ఇంగ్లీషుల చెప్పుండ్రి, దొరా.”