తెర వెనక నాలుగు పెట్టెలు

స్వరాజ్యం వచ్చాక జరిగిన మొదటి ఎలక్షన్ రోజు గుమ్మఘట్ట బడి ముందు వరుసలో నేనూ, మా కడగొట్టు చెల్లెలు రమీజా చేతులు పట్టుకుని నిలబడ్డాం. పట్టుకున్న చేతులు చెమటకు తడిసిపోయాయి. ఏ పెట్టెలో ఓటెయ్యాలో నా కొడుకు ఇద్దరికీ చెప్పి పంపాడు.

"వాడు చెప్పిన పెట్టెలోనే వెయ్యల్లనా, అక్కా?" అని రమీజా గొణిగింది.

"ఇరవై రెండేళ్లు వచ్చినాయి. నువ్వే తేల్చుకో," అన్నాను.

అది లోపలికి పోయి, చిటికెలో నవ్వుకుంటూ వచ్చింది.

తర్వాత నేను పోయాను. తెర వెనక, పోటీలో ఉన్నవాళ్లకు తలా ఒకటి, గుర్తులు అంటించిన నాలుగు పెట్టెలున్నాయి; చేతిలోని ఓటు కాగితం వాటిలో ఒకదాంట్లో వెయ్యాలి. ఎవరినీ చిన్నబుచ్చకూడదని నాలుగింటికీ సలాం చేశాను. బిస్మిల్లా అన్నాను. అయినా చెయ్యి కదల్లేదు.

"ఏమ్మా, ఆడనే కాపురం పెడితివా?" అని ఆఫీసరు బయటినుంచి కేకేశాడు.

ఓటేసి వచ్చాక నవ్వు ఆగలేదు. బడి మెట్ల మీద కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని నవ్వాను.

"ఎవరికేస్తివక్కా?"

"చెప్పను పో."

నాయన చెప్పినట్టు, తర్వాత మొగుడు చెప్పినట్టు, ఆపైన కొడుకు చెప్పినట్టు నలభై మూడేళ్లు గడిచాయి. ఆ కాగితం ఒక్కటే నేను అనుకున్న చోట పడింది.

వరుసలో చెమట పట్టింది రమీజా చేతికి కాదు.