కవచం లేని పూట

మా చెల్లి ఝాన్సీవి పెళుసు ఎముకలు. గట్టిగా తుమ్మినా వెన్నుపూస నలిగిపోవచ్చు. అది ఒంటికి తొడుక్కునే వెన్నుకవచం అనే యంత్రం తుమ్మును ముందే పసిగట్టి నడుమును బిగించి పట్టుకుంటుంది. ఇప్పుడు వీధిలో ముసలివాళ్ళందరికీ అలాంటివే ఉన్నాయి. అవి వచ్చాక, ఎండుమిర్చి తాలింపు వేసేముందు మాకు చెప్పే అలవాటు పక్కింటివాళ్ళకు తప్పిపోయింది.

ఝాన్సీ ఎదిగిందని ఆ ఉదయం కవచాన్ని సరిచేయడానికి ఇచ్చాం. మధ్యాహ్నం పక్కింట్లో తాలింపు చిటపటలాడింది.

"పైడమ్మా, పొయ్యి ఆర్పీయే," అని అమ్మ గోడ మీంచి కేకేసింది.

"ఏటే, పిల్లకి కవచముంది గదా?"

"నేదే. బాగుకిచ్చినాం."

పొయ్యి ఆరింది గానీ ఘాటు అప్పటికే మా ఇంట్లోకి వచ్చేసింది. నేను ఝాన్సీ నడుముకు రెండు చేతులూ ఆనించాను. ఇంట్లో డిగ్రీ చదివింది నేనొక్కణ్ణే. అయినా ఎంత బిగువుగా పట్టుకోవాలో నాకు తెలియలేదు. ఇన్నేళ్ళూ ఆ పని కవచమే చేసింది. నా పట్టుకే విరుగుతుందేమోనని భయం వేసింది.

ఝాన్సీ తుమ్మింది.

"నొప్పెట్టిందేటమ్మా?" అంది అమ్మ.

"నేదే. అన్న సేతులే వణుకుతున్నాయి."

నవ్వబోయి ఆగిపోయింది. ముక్కు ఎగబీల్చి నా మణికట్టు పట్టుకుంది.

"అన్నా, ఇంకోటొస్తంది. ఒగ్గీకు, పట్టుకునే ఉండు."