తెర కింద అక్షరాలు

"ఏమమ్మా, ఆ చేతులు ఊపడం ఆపుతారా లేదా? టికెట్ కొన్నది తెర చూడ్డానికి, మీ వేళ్లు చూడ్డానికి కాదు!"

వెనక వరస బట్టతలాయన ఎంత అరిచినా ముందు సీట్లో పాపతో కూర్చున్న తల్లి పట్టించుకోలేదు. చివరికి ఆయన ఆమె సీటును కాలితో తన్నాడు. పాప చేతులు దించేసింది.

ఎనిమిదేళ్ల పాప సినిమా మొదలైన దగ్గర్నుంచీ తెరకు వీపు పెట్టి, తల్లి వైపే తిరిగి కూర్చుంది. ఇద్దరి మధ్యా ఒకటే సైగలు.

ఇంటర్వెల్ లైట్లు వెలగ్గానే తల్లి పాప చెయ్యి పట్టుకుని మేనేజరు గదిలోకి దూసుకెళ్లింది.

"మాటలు తెర కింద అక్షరాల్లో వేయమని టికెట్ కొన్నప్పుడే అడిగాను. సరేనన్నారు. ఏవీ?"

"కాస్త మెల్లగా అమ్మా, గోడలు కూలేట్టున్నాయి."

"నా గొంతింతే. అక్షరాలేవీ?"

మేనేజరు పాప వైపు జాలిగా చూశాడు. "అవి వేస్తే జనం గొడవ చేస్తారమ్మా."

"గొడవ చేయడం నాకూ చేతనవును."

అతను టీ కప్పుతో కిటికీ వైపు తిరిగి గొణిగాడు. "ఇలాంటివాళ్లు ఇంట్లో ఫోన్లో చూసుకోవచ్చుగా."

తల్లి పలకలేదు. పాప ఆమె కొంగు లాగి ఏదో సైగ చేసింది. తల్లి ముఖం జేవురించింది.

"ఆ మాటేదో నా ముఖం చూసి అనండి! ఇంట్లో ఎందుకు చూడాలి? మేం మనుషులం కామా? నా పిల్ల ఇంతవరకూ హాల్లో ఒక్క సినిమా కుదురుగా చూడలేదు. ఎంతసేపూ ఒకరి ముఖం ఒకరం చూసుకోవడమే! ఇవాళ అది సినిమా చూసి తీరాలి. అప్పటిదాకా కదలను."

కుర్చీ లాక్కుని గుమ్మానికి అడ్డంగా కూర్చుంది.

ఆపరేటర్ తల లోపలికి పెట్టాడు. "సార్, జనం ఈలలేస్తున్నారు. ఈ గొడవ అక్షరాల కోసమేనా? ఒక్క స్విచ్ నొక్కితే వచ్చేస్తాయి."

తల్లి అతని పెదాల వైపే చూస్తూ లేచింది. "ఒక్క స్విచ్చా! ఒక్క స్విచ్‌కి మమ్మల్నింత ఏడిపించారా?"

మేనేజరు కప్పు బల్ల మీద కొట్టాడు. "నొక్కి తగలడు!"

హాలు చీకటైంది. తెర కింద తెల్లటి అక్షరాలు పడ్డాయి. అలవాటుగా పాప చేతులు లేచాయి. తల్లి వాటిని పట్టుకుని పాప ఒళ్లోనే పెట్టి, గడ్డం పట్టుకుని ముఖం తెర వైపు తిప్పింది.

"ఖర్మ! ఇప్పుడీ అక్షరాలొకటి," వెనక బట్టతలాయన సణిగాడు. "అసలా పిల్లకి చదవడం వచ్చా?"

పాప తెర మీంచి కళ్లు తిప్పకుండానే అంది.

"ష్! మాట్లాడకండి అంకుల్, నాకు సినిమా వినపడట్లేదు. అక్షరాలు మా అమ్మకి."