వాకిలి యా పక్కకుండాది?

హిమబిందుకు అన్నిటికన్నా పెద్ద భయం ఒక్కటే. తన బిడ్డను ఎవరో ఎత్తుకుపోతారని.

శ్రావణి ఒకటో తరగతి. వీధిలో కొత్త మనిషి కనబడితే చాలు, పొయ్యి మీద పాలు పొంగుతున్నా సరే, హిమబిందు పరుగెత్తుకెళ్లి బిడ్డను లోపలికి లాగేస్తుంది.

ఆ భయం కాస్త మరుపున పడేది కథ రాసేటప్పుడే.

తొమ్మిదో తరగతితో ఆమె చదువు ఆగిపోయింది. ఇప్పుడు ఫోన్లో కథల యాప్ ఒకటి పెట్టుకుంది. తన ఊరి పేరు కలిపి 'వేంపల్లె హిమబిందు' అనే పేరుతో, వంట అయ్యాక రోజూ నాలుగు ముక్కలు రాస్తుంది.

"ఒక ఊళ్లో ఒక ఇల్లు. ఆ ఇంట్లో ఒక పాప." అంతే, మొదటి రోజు.

మర్నాడే ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది. పేరు చెన్నమ్మ. ఫోటో లేదు, గులాబీ పువ్వు బొమ్మ. గొంతు గుసగుస.

"మ్మా, ఇల్లు అంటివి. ఎట్లాంటి ఇల్లు? వాకిలి యా పక్కకుండాది?"

హిమబిందుకు నవ్వొచ్చింది. తనకు బాగా తెలిసిన ఇల్లు తనదొక్కటే. వీధిలోకి వెళ్లి, దాన్నే కొత్తగా చూసొచ్చి రాసింది.

తూర్పు వాకిలి. రంగు పెచ్చులు లేచిన పచ్చ తలుపు. పక్కన నీలం నీళ్ల డ్రమ్ము, మూత ఎగిరిపోకుండా పైన ఒక రాయి. మధ్యాహ్నం కాలు మోపితే చురుక్కుమనే నల్ల బండలు.

చదివేవాళ్లు పెరిగారు. "మా ఇంటికి పోయొచ్చినట్టుంది" అని ఒకరు రాశారు.

చెన్నమ్మ మాత్రం వదల్లేదు.

"ఆ యమ్మ చింతపండు యాడ ఎండబెడతాది?"

"సంగటి కెలికేటప్పుడు గాజులు పైకి తోసుకుంటాదా, తీసి పక్కన పెడతాదా?"

హిమబిందు తన చేతులు చూసుకుని రాసేది.

ఒకరోజు ఆ గుసగుస ఇంకా దగ్గరికొచ్చింది.

"పాప జడకు యా రంగు రిబ్బను? బడికి యా దోవన పోతాది? తోడు ఎవురు పోతారు?"

హిమబిందు ఆ మెసేజ్ మళ్లీ పెట్టి విన్నది. కథలో ఇల్లు తనది. కథలో పాప శ్రావణి.

భర్త ప్రదీప్‌కుమార్‌కు వినిపించింది.

"నువ్వే అడ్రసు రాసిస్తివి కదమ్మే. ఇంగ తలుపు బీగంచెవి గూడా పంపియ్," అన్నాడు.

"ఎగతాళా నీకు?"

"ఎగతాళి కాదు. గుసగుసలాడేది దొంగలే. తీసెయ్ ఆ పీడ."

హిమబిందు ఫోన్లోకి అరిచింది. "ఎవురు నువ్వు? నా బిడ్డ జోలికొస్తే కాళ్లు ఇరగ్గొడతా! నీకు బిడ్డలు ల్యారా?"

"ఉండారమ్మా..."

ఇంకేదో చెప్పబోయి ఆగిపోయింది ఆ గొంతు. వెనక ఎక్కడో తలుపు తీసిన చప్పుడు.

హిమబిందు ఆ పేరును బ్లాక్ చేసేసింది. కథనూ అక్కడే ఆపేసింది. బడి వదిలాక, మండే ఎండలో, పాప ఒక్కతే ఇంటికి బయలుదేరిన చోట.

ఎండలు పోయి వానలొచ్చాయి.

ఒక పొద్దున, సంచి పట్టుకుని ఒక నడివయసు మనిషి ఆ వీధిలోకి వచ్చింది. ఎవరినీ ఏమీ అడగలేదు. ఇళ్లు చూసుకుంటూ వచ్చి, నేరుగా హిమబిందు వాకిట్లో నిలబడింది.

"పచ్చ తలుపు. నీలం డ్రమ్ము. రాయి గూడా ఉండాది. ఇదేనప్పా!" అని నవ్వింది.

హిమబిందు బిడ్డను చంకనేసుకుని చీపురు అందుకుంది.

"అడుగు ముందుకేసినావంటే వీధంతా కూడేస్తా! ఎవురు నువ్వు?"

"అరవద్దమ్మా. జీవమ్మ నా పేరు. రాయచోటి పక్కన మా ఊరు. కువైట్లో ఇండ్లల్లో పనిజేసి మొన్ననే వచ్చినా. చెన్నమ్మ చెప్పిన ఇల్లు కండ్లారా చూసిపోదామని..."

"యా చెన్నమ్మ?"

"మా పక్కింట్లో పని. పొద్దున మిద్దె మీద గుడ్డలు ఆరేసేటప్పుడే మేం నలుగురూ కలిసేది. ఆయమ్మ నీ కథ చదివొచ్చి మాకు చెప్పేది. వాకిలి యా పక్క అని ఒకామె అడిగె. గాజుల సంగతి నేనే అడిగినా. పాప బడికెట్ల పోతాదని అందరం అడిగినాం. బిడ్డల్ని ఇడిసిపెట్టి పోయినోళ్లమే గదా అందరమూ."

హిమబిందు చేతిలో చీపురు కిందికి దిగింది.

"మరి... గుసగుసలెందుకు?"

"ఫోను కండ్లబడితే ఇంటామె గుంజుకుంటాది. స్నానాల గదిలో దాంకొని మాట్లాడేది పాపం."

"నేను తిట్టినానని చెప్పలేదా మీకు?"

"తిట్టినావా? మాకట్ల చెప్పలేదే! నువ్వు రోజూ రాస్తాండావనే చెప్పె. పాప చెప్పు తెగిందంట. కాలు కాలి, ఒంటికాలి మీద ఎగురుకుంటా పోయిందంట. చీనీకాయల తోట కాడ ఒక పెద్దాయన దోసిట్లో నీళ్లు పోస్తే, తాగకుండా అందులో తన మొగం చూసుకోని నవ్విందంట. మేం గుడ్డలు పిండేది గూడా మరిచిపోతాంటిమి. శానా బాగ రాస్తావమ్మా నువ్వు!"

అందులో ఒక్క ముక్క కూడా హిమబిందు రాసింది కాదు.

"పాప ఇల్లు చేరిందా?" అని అడిగింది.

"అది అడగాలనే గదా నేనొచ్చింది! చెప్పకుండానే ఒకరోజు ఆయమ్మ మిద్దె ఎక్కల్యా. యాడికో వేరే ఇంటికి పంపినారంట. ఫోను కలవదు."

జీవమ్మను కూర్చోబెట్టి, హిమబిందు ఆ గులాబీ పువ్వు పేరును వెతికి బ్లాక్ తీసింది. "చెన్నమ్మక్కా" అని పిలిచింది. ఆ పిలుపును ఇవాళ్టికీ ఎవరూ వినలేదు.

ఇది చదివే మీకు కువైట్‌లో అక్కో, చెల్లెలో, పిన్నమ్మో ఉంటే, ఒక్కసారి ఫోన్ చేసి కనుక్కోండి: ఆ కథను నిజంగా రాస్తున్న చెన్నమ్మ ఏ ఇంట్లో ఉందో, ఎలా ఉందో.