పది అడుగుల అవతల

“అంబలి తెచ్చిన యాకూబన్నా.”

“రాయి మీద పెట్టి అవతలికి జరుగు ఈరవ్వా.”

ఈరవ్వ గిన్నెను గేటు ముందున్న రాయి మీద పెట్టి, పది అడుగులు వెనక్కి నడిచింది. అప్పుడు గానీ కావలివాడు యాకూబు బయటికి చెయ్యి చాపలేదు. ముక్కుకూ నోటికీ గుడ్డ కట్టుకున్నాడు. మొహం ఆమెకు కనపడకపోవడమే అతని అదృష్టం.

కామారెడ్డిలోని ఆ పంతుళ్ల ట్రైనింగు కాలేజీకి తాళం పడి పన్నెండు రోజులైంది. డెబ్బై మంది విద్యార్థుల్లో ముప్పై మందికి ఇన్‌ఫ్లుయెంజా. “కొత్తగా ఒక్కరికి సుత జరం రాకుండ వారం గడవాలె. అందాక లోపలోడు బయటికి రావద్దు, బయటోడు లోపలికి పోవద్దు” అని హుకుం చేసి, డాక్టరు సాబు తాళపుచెవి యాకూబు చేతిలో పెట్టాడు. లోపల మంచాలు ఎడంగా వేశారు. పళ్లాలు ఉడుకునీళ్లలో కడుగుతున్నారు.

తల్లులు ఊరుకుంటారా? బండ్లు కట్టుకుని వచ్చి రోడ్డు అవతల దిగిపోయారు. ఎల్లారెడ్డి నుంచి మోటారెక్కి వచ్చిన కూలిమనిషి ఈరవ్వ, అక్కడే మూడు రాళ్ల పొయ్యి పెట్టుకుని కొడుకు రాజన్నకు రోజూ అంబలి కాచి తెస్తోంది.

రాజన్న చనిపోయి ఆరు రోజులైంది.

ప్రిన్సిపాలూ యాకూబూ కలిసి వెనుక మైదానంలో మట్టి చేశారు. “ఈ సంగతి బయట పొక్కిందా, తల్లులంతా గేటు విరగ్గొట్టి పిల్లల్ని తీసుకుపోతారు. జ్వరం ఊరూరికీ పాకుతుంది” అని చెప్పి, ప్రిన్సిపాలు తనూ ఏడ్చాడు. నిజమే. అయితే మాత్రం? కన్నతల్లి మొహం చూసి అబద్ధం చెప్పాల్సింది ఆయన కాదు కదా!

ఆ అంబలిని యాకూబు లింబాద్రి అనే విద్యార్థికి తాగిస్తున్నాడు. అతనికి తల్లీ లేదు, తండ్రీ లేడు. అంబలి తప్ప ఏదీ కడుపులో నిలవడం లేదు.

యాకూబు ఖాళీ గిన్నె తెచ్చి రాయి మీద పెట్టాడు.

“తాగిండా?” అవతలి నుంచి అడిగింది ఈరవ్వ.

“తాగిండు.”

“దగ్గు తగ్గిందా?”

“తగ్గింది.” యాకూబు గిన్నె మీంచి చూపు ఎత్తలేదు. “మొత్తమే తగ్గింది.”

మిగతా తల్లులు కిటికీలోంచైనా చూపించమని గోల పెడతారు. ఈరవ్వ ఈ ఆరు రోజులుగా ఆ మాటే ఎత్తలేదు; గిన్నె తీసుకుని, వెనుక మైదానం దిక్కు ఒకసారి చూసి వెళ్లిపోయేది. తన మీద అంత నమ్మకమా అని యాకూబు కుమిలిపోయేవాడు.

ఆ మధ్యాహ్నమే దోమకొండ కమలవ్వ లేచింది. పెద్ద ఆసామి భార్య. ఆమె కొడుకు నర్సింహులుకు ఇంకా జ్వరం రాలేదు. నలుగురు జీతగాళ్లు గడ్డపారలతో వెంట వచ్చారు.

“తాళం తీస్తవా, పలగ్గొట్టియ్యాల్నా?”

“కాల్మొక్త అవ్వా, ఇంకొక్క నాలుగు దినాలు...”

“నీ నాలుగు దినాలు పాడుగాను! నా కొడుకును సంపుతవా ఏంది? కొట్టుండ్రిరా!”

మొదటి దెబ్బకే గేటు ఊగిపోయింది. ఆడవాళ్లంతా లేచి నిలబడ్డారు. ఇంతమందిని ఒక్కడు ఎట్లా ఆపుతాడు? అంతా అయిపోయిందనుకున్నాడు.

ఈరవ్వ వచ్చి గడ్డపారలకు అడ్డం నిలబడింది.

“అవ్వా, నీ ఇంట్ల పసిపిల్లలున్నరా?”

“ఇద్దరు మనుమరాండ్లున్నరు. అయితేంది?”

“గిట్లనే పెద్దజరం వచ్చిన ఏడు నా పెనిమిటి బొంబాయి కెల్లి వచ్చిండు. వచ్చిన నాడు మంచిగనే ఉండె. వారం తిరిగెవరకు ఆయన, మా అత్త, ఇద్దరు బిడ్డలు... పీనుగలు మోసెటోళ్లు సుత దొరకలే. ఒడిల రాజన్న ఒక్కడే మిగిలిండు. నీ కొడుకును గిప్పుడు ఇంటికి తోలుకపోకు అవ్వా.”

“నీకేం, నీ కొడుకు మంచిగ అంబలి తాగుతుండు! నా కడుపుకోత నీకేం ఎరుక?”

ఈరవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది.

“అవునవ్వా, నా కొడుకు మంచిగున్నడు” అన్నది కొంగు తీసి. “నేను ఓపిక పట్టి కూసున్న గద. నువ్వు సుత కూసో.”

కమలవ్వ ఉన్నచోటనే కూలబడి భోరుమంది. జీతగాళ్లు గడ్డపారలు దించారు. ఈరవ్వ ఆమె పక్కనే కూర్చుని వీపు నిమిరింది. యాకూబుకు మాత్రం భూమిలోకి కూరుకుపోతే బాగుండుననిపించింది. తన అబద్ధాన్ని పట్టుకుని ఆ పిచ్చితల్లి గేటుకు కాపలా కాస్తోంది!

నాలుగు రోజులూ గడిచాయి. కొత్తగా ఎవరికీ జ్వరం రాలేదు. అంబలి మాత్రం రోజూ వచ్చింది.

ఐదో నాడు పొద్దున డాక్టరు సాబు తల ఊపాడు. యాకూబు తాళం తీశాడు. నర్సింహులును కావలించుకుని కమలవ్వ నవ్వుతూ ఏడుస్తోంది. ఒక్కొక్కరే బయటికి వస్తున్నారు.

యాకూబు మూతికి కట్టిన గుడ్డ విప్పేసి, ఆ పది అడుగులూ దాటి వెళ్లి ఈరవ్వ కాళ్ల మీద పడ్డాడు.

“ఈరవ్వా... రాజన్న...”

ఈరవ్వ అతన్ని భుజం పట్టి లేపింది. గేటులోంచి వస్తున్న పిల్లల మొహాలు ఒక్కొక్కటే చూస్తూ మెల్లగా అడిగింది:

“ఇన్నొద్దులు నా అంబలి తాగింది వీళ్లల్ల ఎవలు యాకూబన్నా?”