డబ్బీలో బిళ్ళలు

ఇప్పుడు ఎవురింట్లోనూ చిల్లర లేదు, అంతా ఫోనే. అందుకే మునిరత్నం సారు పుంగనూరు బస్సు కండక్టర్ని బతిమాలి, ఒకటో తరగతి పిల్లోళ్లకు లెక్క నేర్పేదానికి ఇరవై చిల్లర బిళ్ళలు ఒక డబ్బీలో తెచ్చినాడు.

శనివారం సాయంత్రం ఆ డబ్బీ చందన చేతికిచ్చి, "ఇంట్లో ఎంచేది బాగా నేర్చుకోనిరా. ఒక్కటి తగ్గినా నీ పలక నాది," అని నవ్వి, మదనపల్లి బస్సెక్కినాడు.

సోమవారం చందన లేటుగా వచ్చింది.

"డబ్బీ ఎత్తుకోని బెంగుళూరికి పోయినావనుకున్యానే తల్లీ."

సారు జోకులకు ఎప్పుడూ నగే పిల్లోళ్లు ఆ పొద్దు నగలేదు.

చందన డబ్బీ బల్ల మీద వంచింది. బిళ్ళలకంతా మన్ను, పసుపు. వాటిల్లో రెండు బొరుగులు.

"బొరుగులు కొనుక్కోని తిన్యావా? యాదీ, ఎంచు."

రూపాయిలు, రెండ్లు, ఐదులు వేరేవేరే పేర్చి, తప్పు లేకుండా ఎంచింది. పంతొమ్మిది.

"ఇంకొకటి యాడ?"

"నిన్న మా నాయన్ని ఎత్తుకోని పోతా, చిల్లర లేదని ఇవే సల్లినారు సార్. ఎనకాలే పోయి అన్నీ ఏరినా. ఒక రూపాయి నాయన నుదుట్న పెట్టి పూడ్సేసినారు. అడిగినా ఇయ్యలా."

సంచిలోంచి పలక తీసి సారుకిచ్చింది.