మంగ్లి ఇంట్లో డిస్కు

"ఉత్త చేతులతోని వచ్చినవేంది సారూ?"

గుమ్మంలోనే నిలదీసింది మంగ్లి.

క్రాంతికుమార్‌కు ఒళ్లు మండింది. పాల్వంచ అవతల అడవి అంచున ఉన్న దవాఖానా నుంచి వైరా దాకా, ఎండలో బైకు మీద, అదీ పండగ ముందు రోజు వచ్చాడు. మంచినీళ్లన్నా ఇవ్వకుండా సంజాయిషీ అడుగుతుంది ఈ ముసలమ్మ!

"డిస్కు ఇయ్యి. జల్దీ పోవాలె."

"ఒకటి తెచ్చి ఇస్తెనే ఇంకోటి ఇస్త. గదే కదా మాట?"

మాట అదే. దవాఖానా సర్వర్లో రోగులందరి వివరాలు ఉంటాయి. ఎవరికి ఏ జబ్బు, ఎవరికి ఏ మందు పడదు, అన్నీ. వాటి బ్యాకప్ మూడు డిస్కుల్లో ఉంటుంది. ఒకటి సర్వర్ దగ్గర, ఒకటి బీరువాలో, ఒకటి ఎప్పుడూ వైరాలో, ఈ మంగ్లి ఇంట్లో. ప్రతి శనివారం క్రాంతి కొత్త బ్యాకప్ ఉన్న డిస్కు తెచ్చి ఇక్కడ పెట్టి, పాతది తీసుకుపోతాడు. దవాఖానాకు ఏదన్నా అయినా వైరాలోది మిగలాలని ఆ ఏర్పాటు.

ఏర్పాటు బాగానే ఉంది. ఇన్ని బ్యాంకు లాకర్లుండగా ఈమె ఇంట్లోనే ఎందుకో మాత్రం క్రాంతికి ఏనాడూ అర్థం కాలేదు. తనకు ముందు ఆ పని చూసిన జస్టిన్ ఉద్యోగం మానేస్తూ "ఆమెను ఏమనకు" అన్నాడు. అంతే.

"రేపు ఆయుధపూజ. మూడు డిస్కులు పూజల పెట్టాలన్నడు మేనేజర్ సారు."

"దీనికి ఈడనే బొట్టు పెడ్త. దుర్గమ్మకు వైరా తెల్వదా?"

"నాతోని పరాచికాలా?"

"పరాచికం కాదు సారూ. మూడు ఒక్క కప్పు కింద పెట్టకుండ్రి. నీ కాళ్లు మొక్కుత."

క్రాంతి ఆమెను తోసుకుని లోపలికి పోయాడు. ట్రంకు పెట్టె తెరిచాడు. డిస్కు ఒక పచ్చ చున్నీలో చుట్టి ఉంది. డిస్కు తీసుకుని చున్నీ నేలకేసి కొట్టాడు.

"దవాఖానా సామాను మీద నీ పెత్తనమేంది? పండగ కానీ, బ్యాంకు లాకర్ల పెట్టిస్త. నీ పీడ పోతది!"

మంగ్లి వంగి చున్నీ తీసుకుంది. దుమ్ము దులిపింది.

"మల్ల ఎప్పుడు తెస్తవు?"

"రేపు సాయంత్రమే తెచ్చి నీ మొఖాన కొడ్త!"

మర్నాడు పూజ ఘనంగా జరిగింది. సర్వర్‌కు బంతిపూల దండ. మూడు డిస్కులకు పసుపు, కుంకుమ. మేనేజర్ బాలకృష్ణ కొబ్బరికాయ కొట్టి, సర్వర్ ముందే దీపం పెట్టాడు.

సాయంత్రం క్రాంతి ఒక డిస్కు తీయబోయాడు.

"ఆగవయ్యా!" అడ్డుపడ్డాడు బాలకృష్ణ. "పూజల పెట్టినయి తెల్లారేదాక కదపొద్దు. ఆ మాత్రం తెల్వదా?"

క్రాంతి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఆ ముసలమ్మను ఒక్కరోజు ఎదురుచూడనీ, పొగరు దిగుతుంది అనుకున్నాడు.

దీపం సంగతి ఎవరికీ పట్టలేదు. గదికి తాళం మాత్రం భద్రంగా వేశారు!

తెల్లారి తలుపు పగలగొట్టి మంటలు ఆర్పేసరికి కర్టెన్లు లేవు, సర్వర్ లేదు. మూడు డిస్కులూ కరిగి బల్లకు అతుక్కుపోయాయి.

ఇంకా పొగ వాసన పోనేలేదు. ఏన్కూరు వైపు నుంచి ఒక ఆటో వచ్చింది. బస్టాపులో పడిపోయిందని ఎవరో ఒక అమ్మాయిని ఎక్కించి పంపారు. జ్వరంతో ఒళ్లు కాలిపోతోంది, స్పృహ లేదు. వెంట మనిషి లేడు. సంచిలో మాత్రం ఈ దవాఖానా కార్డు ఉంది.

"క్రాంతీ, ఈ కార్డు నంబర్ కొట్టు! ఈమెకు ఏ మందు పడదో చెప్పు!" అరిచింది డాక్టర్ స్తుతి, సూది చేతిలో పట్టుకుని.

"లేదు మేడం."

"లేకపోవుడేంది? వైరాల డిస్కు ఉంటది కదా?"

"అది గూడ కాలిపోయింది మేడం."

పెద్ద డాక్టర్ ఆరోగ్యం గారు గుమ్మంలో నిలబడి అంతా విన్నారు.

"అది గూడ ఈడికే తెచ్చినవా?"

"బాలకృష్ణ సారు తెమ్మన్నడు సార్."

"తెచ్చింది ఎవరు?"

ఆయన గొంతు అంత గట్టిగా లేవడం క్రాంతి ఎప్పుడూ వినలేదు. అప్పుడే జేబులో ఫోన్ మోగింది. మంగ్లి.

"ఈమె ఒకతి, పాణం తీస్తున్నది!" విసుక్కుని ఫోన్ కట్ చేయబోయాడు.

"ఎత్తు. కాలిపోయిందని నీ నోటితోనే చెప్పు," అన్నారు పెద్ద డాక్టర్, ఫోన్ మీద పేరు చూసి.

"ఆమెకెందుకు చెప్పాలె సార్? ఆమె ఎవరు మనకు?"

ఆరోగ్యం గారు బెంచీ మీద కూలబడ్డారు.

"అప్పట్ల బ్యాకప్ గూడ సర్వర్ పక్కనే ఉండె. పిడుగు పడి రెండు పోయినయి. తెల్లారి గిట్లనే ఒక పిల్లను తెచ్చిండ్రు. సంగీత. కాలేజీకి పోయే పిల్ల. కార్డు ఉంది, వివరాలు లెవ్వు. సూది నేనే ఏసిన. ఆ మందు ఆ పిల్లకు పడదు. నా చేతులల్లనే పోయింది."

ఫోన్ మోగుతూనే ఉంది.

"తల్లి కేసు పెడ్తదనుకున్నం. పెట్టలే. ఒక డిస్కు నా ఇంట్ల పెట్టుండ్రి, ఇంకో పిల్లకు గిట్ల కావొద్దు అన్నది. ఎవరికీ చెప్పొద్దన్నది."

క్రాంతి ఫోన్ ఎత్తాడు.

"సారూ, బయల్దేరినవా?" అడిగింది మంగ్లి. "మా సంగీత చున్నీ ఉతికి ఆరేసిన. డిస్కు తెస్తే మల్ల అండ్లనే చుట్టి పెడ్త."